మూలకణాల వైద్యము: నిజమెంత, ఆశ ఎంత?

కుటుంబ ఆరోగ్యము



పోలవరం చుట్టుపక్కల సంఘాలలో కుటుంబ కూడికలకు వెళ్ళినప్పుడు ఈ మధ్య మమ్మును తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. అది స్టెమ్ సెల్స్ వైద్యమును గురించినది. “పుట్టినప్పటి నుంచీ మా బాబుకి నడక లేదండి. పట్నంలో స్టెమ్ సెల్ సూదులు వేయిస్తే నడుస్తాడంటున్నారు. ప్రాజెక్టు పరిహారం డబ్బులు బ్యాంకులో ఉన్నాయి, తీసెయ్యమంటారా?” అని ఒక సహోదరి అడిగారు. “అయ్యగారూ, అవి కడుపులో పిల్లల్ని చంపి తీసేవంట కదా, విశ్వాసులు వాడొచ్చాండి?” అని ఒక సంఘ పెద్ద అడిగారు.

మొదటిది, ఆ వైద్యము పనిచేస్తుందా అన్న ప్రశ్న. రెండవది, అది మనకు తగునా అన్న ప్రశ్న. రెండింటిని కలిపేస్తే చిక్కు వస్తుంది గనుక విడివిడిగా చూద్దాము. ఆ సహోదరికి మాత్రము మా జవాబు ముందే చెప్పుచున్నాము: ఆ డబ్బు ఇప్పుడు తీయవద్దమ్మా. ఎందుకో దిగువ వివరిస్తున్నాము.

ఒక్క కణము నుండి ఇన్ని అవయవాలు

మన శరీరములో 30 లక్షల కోట్లకు పైగా కణాలున్నవని శాస్త్రజ్ఞుల అంచనా. వాటిలో 200కు మించిన రకాలున్నవి. ప్రాణవాయువును మోసే ఎర్ర రక్తకణము, వెలుగును గ్రహించే కంటి కణము, విరామము లేకుండా కొట్టుకొనే గుండె కణము, వీటికి రూపములో గాని పనిలో గాని పోలికే లేదు. అయినా ఇవన్నీ తల్లి గర్భములోని ఒకే ఒక్క కణము నుండి వచ్చినవే. 139వ కీర్తనలో దావీదు ఆశ్చర్యపడి దేవుని స్తుతించినది ఈ కార్యమును గురించియే.

ఇది జరిగే తీరును మన గోదావరితో పోల్చి చెప్పవచ్చును. పోలవరం దగ్గర గోదావరి అంతా ఒక్కటే ప్రవాహము. ఆ నీరు ఎటైనా పోగలదు. ధవళేశ్వరం చేరాక పాయలుగా, పెద్ద కాలువలుగా విడిపోతుంది. అక్కడి నుండి పిల్ల కాలువలు, వాటి నుండి బోదెలు. ఒక చేని బోదెలోకి వచ్చిన నీరు ఆ చేనినే తడుపుతుంది గాని తిరిగి ఏటిలోకి ఎక్కదు. పిండములోని కణాలు కూడా మొదట ఎటైనా పోగలవు. దినాలు గడిచే కొలది ఒకటి చర్మపు దారి, ఒకటి నరాల దారి, ఒకటి రక్తపు దారి పట్టి ఆ పనికే స్థిరపడిపోతవి.

దాదాపు ప్రతి కణములోను ఉన్న జన్యు సమాచారము ఒక్కటే. చేతిలో బైబిలంతా ఉన్నా ఆ దినపు పాఠము మాత్రమే తెరచి చదువుకొన్నట్లు, చర్మ కణము తనకు కావలసిన భాగాన్నే తెరచి, మిగిలినది మూసి ఉంచుతుంది.

గర్భధారణ జరిగిన 5, 6 దినాలకు పిండము ఇసుక రేణువంత కూడా ఉండదు. అందులో 100 నుండి 200 వరకు కణాలుంటవి. వెలుపలి వరుస మావిగా మారుతుంది. లోపలి చిన్న గుంపు నుండి బిడ్డ శరీరమంతా తయారవుతుంది. ఆ లోపలి గుంపులోని కణాలు శరీరములోని ఏ రకపు కణముగానైనా మారగలవు. వీటినే బహుశక్తి మూలకణాలు అంటున్నారు. తమవంటి కణాలను తామే పుట్టించుకొనుట, వేరు రకపు కణాలుగా మారుట, ఈ రెండును మూలకణపు గుర్తులు.

పెద్దవారి శరీరములో కూడా మూలకణాలున్నవి. అయితే వాటి శక్తికి హద్దు ఉన్నది. ఎముకల మూలుగలోని కణాలు రక్తమునే పుట్టిస్తవి. ఎర్ర రక్తకణము సుమారు 120 దినాలే బ్రతుకుతుంది గనుక మూలుగ రాత్రింబగళ్ళు పనిచేయవలసినదే. కంటి నల్లగుడ్డు అంచున ఉన్న కణాలు ఆ కంటిపొరనే బాగుచేస్తవి. మూలుగ కణాలను వెన్నులోకి ఎక్కించినంత మాత్రాన అవి మెదడు కణాలైపోవు. పాఠకులు ఈ ఒక్క తేడాను జ్ఞాపకముంచుకొంటే చాలా మోసము తప్పుతుంది.

ప్రయోగశాలలోకి ఎలా వచ్చినవి?

1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రజ్ఞుడు మొదటిసారిగా మానవ పిండము నుండి బహుశక్తి కణాలను తీసి గాజు పాత్రలో పెంచగలిగాడు. సంతానము లేని దంపతుల కోసము వైద్యశాలలో గర్భము వెలుపల తయారుచేసిన పిండాలలో మిగిలిపోయిన వాటిని, ఆ దంపతుల సమ్మతితో వాడారు. కణాలు తీయుటతో ఆ పిండము నశించినది. సంఘ పెద్దగారి ప్రశ్నకు మూలము ఇక్కడ ఉన్నది. కడుపులో పెరుగుతున్న శిశువును చంపి తీస్తారన్నది సరికాదు. కాని కొద్ది దినాల పిండము నశించుట మాత్రము నిజము.

2006లో జపాను దేశములోని క్యోటోలో షిన్యా యమనాకా మరియొక దారి తెరిచాడు. బోదెలో పడిన నీటిని తిరిగి ఏటిలోకి ఎత్తగలమా అన్నదే ఆయన ప్రశ్న. 24 జన్యువులతో మొదలుపెట్టి, వాటిలో 4 చాలునని కనుగొన్నాడు. ఆ నాలుగింటిని ఎలుక చర్మ కణములోకి పంపితే అది తన చర్మపు పనిని మరచి, పిండములోని కణమువలె ఏ దారియైనా పట్టగలిగేదయినది. పట్టిసీమలో మోటార్లు ఏటి నీటిని పైకెత్తి కాలువలో పోసినట్లు, ఈ నాలుగు జన్యువులు కణమును వెనుకటి స్థితికి ఎత్తినవి. 2007లో మనుష్యుల చర్మ కణాలతో కూడా ఇది సాధ్యమయినది. వీటిని ఐ.పి.ఎస్. కణాలు అంటారు. వీటికి పిండము అక్కరలేదు, చిటికెడు చర్మమో కొంచెము రక్తమో చాలును.

స్థిరపడిన కణము వెనుకకు మళ్ళగలదని 1962లోనే ఇంగ్లాండులో జాన్ గర్డన్ కప్పలపై చేసిన ప్రయోగములో చూపాడు. 2012లో ఈ ఇద్దరికి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇవి ఎందుకు పనికివస్తున్నవి?

వీటి మొదటి ఉపయోగము రోగమును చదువుట. మెదడు జబ్బు ఉన్నవాని తల తెరచి కణాలు తీయలేము. కాని అతని రక్తము నుండి ఐ.పి.ఎస్. కణాలు చేసి, వాటిని మెదడు కణాలుగా పెంచి, జబ్బు ఎక్కడ మొదలవుతున్నదో పాత్రలోనే చూడవచ్చును. ఇలా పెంచిన గుండె కణాలు పాత్రలో కొట్టుకొంటవి కూడా. క్రొత్త మందు గుండెకు హాని చేస్తుందేమో మనుష్యులకు ఇవ్వకముందే వాటిపై పరీక్షిస్తున్నారు. పేపర్లలో పెద్దగా రాకపోయినా నేటివరకు ఎక్కువ మేలు జరిగినది ఇక్కడే.

రెండవది, పాడైన కణాల స్థానములో మంచివి అమర్చుట. 2014 సెప్టెంబరులో జపానులోని కోబెలో మసాయో తకహాషి అనే వైద్యురాలి బృందము, కంటి లోపలి తెర పాడైన 70 ఏండ్లు దాటిన ఒక స్త్రీకి, ఆమె చర్మము నుండి తయారుచేసిన కంటి కణాల పొరను అమర్చింది. చూపు దిగజారుట ఆగినది గాని చూపు మెరుగుపడలేదు. రెండవ రోగికి తయారుచేసిన కణాలలో జన్యుమార్పులు కనబడగా, 2015లో ఆ శస్త్రచికిత్సను వైద్యులే నిలిపివేశారు. లోకమంతా కనిపెట్టుకొని చూస్తుండగా, అనుమానము కలిగిన వెంటనే ఆపివేసిన ఆ వైద్యుల నిజాయితీని మెచ్చుకోవలెను.

మరియొక మంచి వార్త మధుమేహమును గురించినది. చిన్నతనములోనే వచ్చి ఇన్సులిన్ సూది లేనిదే బ్రతకనీయని రకము ఒకటున్నది. బహుశక్తి కణాల నుండి ఇన్సులిన్ పుట్టించే కణాలను తయారుచేసి పూర్తి మోతాదులో ఇవ్వగా, 12 మందిలో 10 మందికి ఏడాది నాటికి ఇన్సులిన్ అవసరము లేకపోయినదని 2025లో ప్రకటించారు. అయితే శరీరము ఆ కణాలను తిప్పికొట్టకుండ రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతూనే ఉండాలి. ఆ మందులతో అంటువ్యాధుల భయమున్నది. అందుకే ఎన్నుకొన్న కొందరికే జాగ్రత్తగా పరీక్షించారు.

ఈ కణాలలో అపాయము కూడా ఉన్నది. ఎటైనా పోగల శక్తి వాటి మేలు, అదే వాటి కీడు. మారకుండ మిగిలిన బహుశక్తి కణాలను ఎలుకకు ఎక్కిస్తే వెంట్రుకలు, పళ్ళు, ఎముక ముక్కలు కలగలిసిన గడ్డ పెరుగుతుంది. గట్టు తెగిన నీరు చేనిని తడపదు, ముంచుతుంది గదా.

మన దగ్గర నిజముగా జరుగుచున్న మేలు

మూలకణాల పేరట జరిగేదంతా మోసమని మేము చెప్పుటలేదు. మన పెద్దలు ఎంతోమంది వైద్యము పొందిన వేలూరు క్రైస్తవ ఆసుపత్రిలో 1986లోనే మూలుగ మార్పిడి విజయవంతముగా జరిగినది. మన దేశములో ఈ పనిని తొలినాళ్ళలో చేపట్టిన చోట్లలో అది ఒకటి. తలసీమియా, రక్త క్యాన్సరు వంటి వ్యాధులకు ఇది నేడు స్థిరపడిన వైద్యము. అక్కడి మూలకణ పరిశోధన కేంద్రములో ఐ.పి.ఎస్. కణాలపై కూడా పని జరుగుచున్నది. 2024 డిసెంబరులో అక్కడి వైద్యులు మరియొక ఫలితము ప్రకటించారు. రక్తము గడ్డకట్టని తీవ్రమైన హీమోఫీలియా ఉన్న 5గురి రక్త మూలకణాలను తీసి, లోపించిన జన్యువును చేర్చి తిరిగి ఎక్కించగా వారిలో రక్తస్రావాలు ఆగిపోయినవి. 1900లో ఐడా స్కడర్ అమ్మగారు ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన సేవ ఇంతవరకు వచ్చినందుకు దేవునికి స్తోత్రము.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి మరియొక మాదిరి. తమలపాకుల సున్నము కంట్లో పడి చూపు పోయే పిల్లలు మన పల్లెలలో ఉన్నారు. సున్నము నల్లగుడ్డు అంచున ఉన్న మూలకణాలను కాల్చివేస్తుంది. అవి పోతే కంటిపై తెల్లని పొర కమ్ముతుంది. అక్కడి వైద్యులు 2001 నుండి మంచి కంటి అంచు కణాలను పెంచి, పాడైన కంటికి అమర్చారు. 2012లో ఇంకను సులువైన పద్ధతిని ప్రకటించారు. మంచి కంటి నుండి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్న చిన్న తునకలుగా కోసి, పాడైన కంటిపై పరుస్తారు. 125 మందికి ఇలా చేయగా 95 మందిలో ఫలితము నిలిచినదని 2016లో వెల్లడించారు. (సున్నము కంట్లో పడితే వెంటనే మంచినీళ్ళతో అరగంట సేపు కడుగుతూనే ఉండండి. ఆ తరువాతే ఆసుపత్రికి బయలుదేరండి.)

మన మన్యములోని గిరిజన సహోదరులలో సికిల్ సెల్ వ్యాధి ఉన్నది. ఎర్ర రక్తకణాలు కొడవలి వంకర తిరిగి, రక్తనాళాలకు అడ్డుపడి, భరించలేని నొప్పులు తెస్తవి. రోగి స్వంత రక్త మూలకణాలలో జన్యువును సవరించి తిరిగి ఎక్కించే వైద్యానికి 2023 చివరలో ఇంగ్లాండు, అమెరికా అనుమతినిచ్చినవి. అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు, అనగా అప్పటి లెక్కన సుమారు 18 కోట్ల రూపాయలు. మన కుటుంబాలకు అది ఇంకను దూరము. కాని మన దేశములో 2023 జూలైలో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము క్రింద రక్తపరీక్షలు ఉచితముగా చేస్తున్నారు. హైడ్రాక్సీయూరియా అనే మాత్ర నొప్పులను బాగా తగ్గిస్తుంది. పెండ్లి నిశ్చయించే ముందు ఇరువైపుల వారు ఈ పరీక్ష చేయించుకొనుట మేలు.

సొమ్ము తీసే ముందు

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాము. భారత వైద్య పరిశోధన మండలి, అనగా ఐ.సి.ఎమ్.ఆర్., 2017లో ప్రకటించిన నియమావళి ప్రకారము, అనుమతి పొందిన కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడి తప్ప, మూలకణాలతో చేసే మరి ఏదియైనా పరిశోధన మాత్రమే. పరిశోధనలో చేరిన రోగి వద్ద డబ్బు తీసుకొనుట తప్పు. పుట్టుకతో వచ్చిన నడక లోపము, పక్షవాతము, బుద్ధిమాంద్యము, ఆటిజమ్, వీటికి మూలకణ సూదులు స్థిరపడిన వైద్యము కాదు. ఆటిజమ్‌కు వీటిని వాడకూడదని 2022లో జాతీయ వైద్య కమిషన్ కూడా చెప్పింది.

నిబంధన మీరితే ఏమి జరుగునో అమెరికాలోని ఫ్లోరిడాలో చూశారు. కడుపు కొవ్వు నుండి తీసిన కణాలను మూలకణాలని చెప్పి ముగ్గురు వృద్ధ స్త్రీలకు రెండు కండ్లలోను ఎక్కించారు. ఒక్కొక్కరు 5,000 డాలర్లు చెల్లించారు. అంతకు ముందున్న చూపు కూడా చాలావరకు పోయినది. 2017లో ఒక వైద్య పత్రిక ఈ సంగతిని, కోబె వైద్యుల జాగ్రత్తను ఒకే సంచికలో ప్రచురించినది. కణమును గురించిన జ్ఞానము ఒకచోట రోగికి కాపుదలయినది, మరియొకచోట వ్యాపారమయినది.

బొడ్డుతాడు రక్తమును డబ్బు కట్టి దాచుకొమ్మని చెప్పే ప్రకటనల విషయములోను జాగ్రత్త. బిడ్డకు జన్యులోపము ఉన్నట్లయితే ఆ రక్తములోను అదే లోపము ఉంటుంది. బిడ్డ తన కోసమే దాచుకొనుటకు శాస్త్రాధారము లేదని ఐ.సి.ఎమ్.ఆర్. చెప్పియున్నది.

ఎవరైనా మూలకణ వైద్యము చేస్తామంటే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. ఇది స్థిరపడిన వైద్యమా, పరిశోధనా?

2. పరిశోధనయైతే సి.టి.ఆర్.ఐ. అనే ప్రభుత్వ పట్టికలో దీని నమోదు సంఖ్య ఎంత? (ఆ పట్టికను ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడవచ్చును.)

3. పరిశోధనయైతే మా వద్ద డబ్బు ఎందుకు అడుగుతున్నారు?

4. ఏ కణాలు, ఎక్కడి నుండి తీసినవి, హాని జరిగితే బాధ్యత ఎవరిది? దీనిని కాగితము మీద, తెలుగులో వ్రాసి ఇస్తారా?

సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. “రేపటికి సీటు ఉండదు” అని తొందరపెట్టినా లేచి వచ్చేయండి. భూమి పోయి వచ్చిన పరిహారము మరల రాదు. నడవలేని బిడ్డకు ఏండ్ల తరబడి కావలసినది వ్యాయామ చికిత్స, సరైన బూట్లు, కుర్చీ, చదువు. ప్రభుత్వ బాలల ఆరోగ్య కార్యక్రమము క్రింద జిల్లా కేంద్రాలలో ఇటువంటి పిల్లలను ఉచితముగా చూస్తారు. సదరం ధ్రువపత్రము, పింఛను ఇప్పించుటకు సంఘ యౌవనస్థులు ఒక దినము వెంట వెళ్ళి సాయపడితే అది ప్రభువు సేవయే.

విశ్వాసులకు తగునా?

ఈ విషయములో ప్రొటెస్టెంటు సంఘాలన్నిటిది ఒకే మాట కాదు. గర్భధారణ నుండియే పూర్తి మానవ ప్రాణమని, పిండమును నశింపజేయుట తగదని కొందరంటారు. ఎట్లాగు పారవేయబడే పిండము రోగులకు మేలు చేస్తే తప్పేమిటని మరికొందరంటారు. మన దేశపు నియమావళి 14 దినాలు దాటిన పిండముపై ప్రయోగమును నిషేధిస్తున్నది. మనుష్యుని నకలుగా మరొక శిశువును పుట్టించుటను కూడా నిషేధిస్తున్నది.

మా మట్టుకు మేము, గర్భములోని ప్రాణము దేవుని చేతిపని గనుక దానిని ముడిసరుకుగా చూడరాదని నమ్ముచున్నాము. అందుకే పిండము అక్కరలేని ఐ.పి.ఎస్. దారి దొరికినందుకు సంతోషిస్తున్నాము. అయితే యథార్థముగా ఒక మాట చెప్పాలి. ఆ దారిని కనుగొనుటకు, దానిని సరిచూచుకొనుటకు పిండ కణాలపై జరిగిన పరిశోధన కూడా ఉపయోగపడినది. కనుక ఈ సంగతిలో మన చేతులు శుద్ధమని ఇతరులపై వ్రేలు చూపుట తగదు. గర్భము వెలుపలి చికిత్సతో బిడ్డను పొందిన దంపతులను నొప్పించే మాటలు సంఘములో వినబడకూడదు. ఇక మూలుగ మార్పిడి, కంటి అంచు చికిత్స, ఐ.పి.ఎస్. కణాలు, వీటిలో పిండమును నశింపజేయుట లేదు. వీటి విషయములో విశ్వాసి మనస్సాక్షి కలతచెందనక్కరలేదు.

మార్కు సువార్త 5వ అధ్యాయములో 12 ఏండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ఉన్నది. అనేక వైద్యుల యొద్దకు తిరిగి, కలిగినదంతా వ్యయము చేసికొని, ఇంకను సంకటపడినది. వైద్యుల యొద్దకు ఎందుకు వెళ్ళితివని ప్రభువు ఆమెను గద్దించలేదు. నిలిచి, ఆమె సంగతంతా విని, కుమారీ అని పిలిచాడు. బిడ్డ కోసము ఆశపడే తల్లిని “నీకు విశ్వాసము లేదు” అని మనమును గద్దించరాదు. ఆమె చేతిలోని కాగితము చదివిపెట్టాలి, ఆసుపత్రికి తోడు వెళ్ళాలి, సొమ్ము కాపాడుకొనుటకు సాయపడాలి, ఆ బిడ్డను ఎత్తుకొని ఆరాధనలో ముందు వరుసన కూర్చుండబెట్టాలి.

ప్రయోగశాలలలో ఓర్పుతో శ్రమించుచున్న శాస్త్రజ్ఞుల కొరకు, వేలూరు, హైదరాబాదు ఆసుపత్రుల వైద్యుల కొరకు, నొప్పితో ఉన్న మన పిల్లల కొరకు ఈ నెల కుటుంబ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనండి.